మనుషులు మారారు, పాట ఆగలేదు

‘మసాన్’ సినిమాలోని రైలు పాట మీరు వినే ఉంటారు. 2015లో వచ్చినా రీల్స్‌లో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. రాసింది వరుణ్ గ్రోవర్, పాడింది స్వానంద్ కిర్కిరే. సంగీతం మాత్రం ఒక్క మనిషిది కాదు, ‘ఇండియన్ ఓషన్’ అనే ఢిల్లీ బ్యాండ్‌ది. 1990లో మొదలైంది. అంటే ఇది చదువుతున్న మీలో చాలామంది కంటే వయసులో పెద్దది!

ఆ బ్యాండ్ ఇంకా ఊరూరా తిరిగి కచేరీలు చేస్తూనే ఉంది. మళ్లీ టూర్‌కి బయల్దేరుతున్నారని తెలిసి నేను టికెట్ల కోసం ఎదురుచూస్తుంటే మా రూమ్మేట్ ఒక మాట అంది. “మొదలుపెట్టిన ఇద్దరూ ఇప్పుడు అందులో లేరట కదా! మరి అది అదే బ్యాండ్ ఎలా అవుతుందే? పేరు చూసి డబ్బులు పెడతావా?”

ప్రశ్న న్యాయమైనదే. అందుకే కాస్త వెనక్కి వెళ్దాం.

మొదలుపెట్టిన ఆ ఇద్దరు గిటారిస్ట్ సుస్మిత్ సేన్, తబలా వాయిస్తూనే పాడే అషీమ్ చక్రవర్తి. తర్వాత బేస్ గిటార్‌తో రాహుల్ రామ్, 1994లో డ్రమ్స్‌తో అమిత్ కిలమ్ వచ్చారు. 1993లో వచ్చిన తొలి ఆల్బమ్‌లో మాటలు తక్కువ, వాయిద్యాలే ఎక్కువ. 1997 నాటి ‘డెజర్ట్ రెయిన్’ అయితే స్టూడియోలో కాదు, జనం ముందు వాయిస్తుండగా రికార్డు చేసింది.

అసలు మలుపు 2000లో వచ్చిన ‘కందీసా’. అందులోని పాటలు ఎక్కడెక్కడివో చూడండి. ‘కందీసా’ కేరళ సిరియన్ క్రైస్తవుల పాత ప్రార్థన, భాష అరమాయిక్. ‘మా రేవా’ నర్మదా నది మీద పాట. రేవా అంటే నర్మదే. రాహుల్ రామ్ అమెరికాలో పీహెచ్‌డీ చేసి వచ్చి, నర్మదా బచావో ఆందోళన్‌లో తిరిగిన మనిషి. ఆ లోయలో విన్న పాటే అది. ‘హిల్లే లే’ రాసింది విప్లవ కవి గోరఖ్ పాండే. ఎక్కడో గుడిలో, చర్చిలో, నది ఒడ్డున, ఊరేగింపులో జనం పాడుకునేవాటిని తెచ్చి గిటార్, తబలా, డ్రమ్స్ మధ్య కూర్చోబెట్టారు. 2003లో వచ్చిన ‘ఝీనీ’లో కబీర్‌ని కూడా అలాగే పాడారు. ‘బ్లాక్ ఫ్రైడే’ సినిమాకి చేసిన ‘బందే’ పాటతో కాలేజీ హాస్టళ్లలో అందరికీ తెలిసిపోయారు.

అంతా బాగున్నప్పుడు దెబ్బ తగిలింది. 2009 డిసెంబర్ 25న అషీమ్ గుండె ఆగిపోయింది. బ్యాండ్‌లో సగం గొంతు ఆయనదే. అప్పటికే ఆయనతో కలిసి చేసిన పాటలు కొన్ని ఉన్నాయి. మరుసటి ఏడాది వాటిని ‘16/330 ఖజూర్ రోడ్’ పేరుతో నెలకొక పాట చొప్పున ఇంటర్నెట్‌లో పెట్టారు, అదీ ఉచితంగా! ఆ పేరు వాళ్లు ఏళ్ల తరబడి సాధన చేసిన ఢిల్లీ కరోల్ బాగ్ ఇంటి చిరునామా. అషీమ్ చోటు నింపడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది: తబలాకి తుహీన్ చక్రవర్తి, గొంతుకి హిమాంశు జోషి. 2013లో సుస్మిత్ కూడా వెళ్లిపోయారు. నిఖిల్ రావు గిటార్ పట్టుకున్నారు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్న మా ఊరి రామాలయం భజన బృందంలో తాళాలు వేసేవారు. హార్మోనియం వాయించే పెద్దాయన పోయినప్పుడు కొన్నాళ్లు ఉత్త తాళాలతోనే పాడారు. తర్వాత ఆయన మనవడు, ఇంటర్ చదివే కుర్రాడు వచ్చి కూర్చున్నాడు. భయపడుతున్నాడు. నాన్న వాడితో, “ఒరే, మీ తాతలా వాయించకు. నీకొచ్చినట్టు వాయించు, మేం అందుకుంటాం” అన్నారు.

ఇప్పుడు నాన్న లేరు. ఆ తాళాలు ఇంకెవరో వేస్తున్నారు. మొదటి ధనుర్మాసంలో ఊరెళ్లినప్పుడు ఆ చప్పుడు వినలేక చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పడుకున్నాను. నాన్న వేసిన తాళం వేరు, ఇది వేరు. కానీ భజన ఆపేసి ఉంటే నాకు ఇంకా బాధేసేదని తర్వాతి ఏడాది అర్థమైంది. ఆ పాట నాన్నది కాదు, ఆయన దాన్ని కొన్నాళ్లు మోశారంతే.

ఇండియన్ ఓషన్‌నీ నేను అలాగే చూస్తాను. ‘కందీసా’ వాళ్లు కట్టింది కాదు, వాళ్ల దగ్గరికి వచ్చింది. నది పాట నదీ తీరానిది. అలాంటప్పుడు పాడే గొంతు మారితే పాట చచ్చిపోదు. అలాగని ఏమీ మారలేదంటే అబద్ధం. సుస్మిత్ గిటార్ తీగల మోత వేరు, అది ఇక రాదు. అషీమ్ గొంతూ అంతే. ఉన్నవాళ్లు కూడా పాత అచ్చులోనే పోత పోయలేదు. 2014లో ‘తందాను’ ఆల్బమ్‌కి శుభా ముద్గల్, శంకర్ మహదేవన్, విశ్వమోహన్ భట్ లాంటివాళ్లను పిలిచి ఒక్కో పాటలో ఒక్కొక్కరితో కలిసి చేశారు. తొమ్మిదేళ్ల తర్వాత, 2023లో ‘తూ హై’తో మళ్లీ కొత్త పాటలు తెచ్చారు.

మీరూ వెళ్లాలనుకుంటే ఊళ్లు, తేదీలు బ్యాండ్ పేజీలో చూసుకోండి. వెళ్లేముందు ఒక పని చేయండి. ‘మా రేవా’ పాత రికార్డింగ్ ఒకసారి, ఈమధ్య వేదిక మీద పాడిన వీడియో ఒకసారి వినండి. ఏది బాగుందని మార్కులు వేయకండి. ఏం పోయింది, కొత్తగా ఏం వచ్చి చేరిందో గమనించండి చాలు. అక్కడ అమిత్ డ్రమ్స్ వదిలి గబ్‌గుబీ అందుకుంటే మాత్రం ఫోన్ కాసేపు జేబులో పెట్టండి. బావుల్ గాయకులు చంకలో పెట్టుకుని తీగ లాగుతూ వాయించే వాద్యం అది, ఎదురుగా వింటేనే మజా.

మా రూమ్మేట్‌కి ఇదంతా చెప్పాను. “సరేలే, నాకూ ఒకటి బుక్ చెయ్యి. నచ్చకపోతే డబ్బులు నువ్వే ఇవ్వాలి” అంది. ఒప్పుకున్నాను.