పసుపు పైసలు – గ్రాఫిక్స్ కార్డు

కెమెరా పట్టినవానికి పేరొస్తుంది గాని, తీసినదాన్ని కోసి అతికే యంత్రం బాధ ఎవరికీ పట్టదు. మా జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’ను, అందులోని గంగవ్వను చూసి నవ్వుకోనివారు మన కాలేజీలో ఉండరనుకుంటాను. ఆ ఊరిని చూసి మా బుగ్గారం పిల్లలకూ వీడియోల పిచ్చి పట్టింది. నాకూ పట్టింది. మా ఇంట్లో ఉన్నది మాత్రం అన్న దుబాయి పోయేముందు కొన్న పాత కంప్యూటర్.

పోయిన ఎండాకాలం అక్క పెండ్లికి అన్నకు సెలవు దొరకలేదు. దోస్తులు ఫోన్లతో ఫోర్-కెలో తీసిపెట్టారు. ఇంటికొచ్చి తెరిస్తే బొమ్మ ఆగి ఆగి నడిచింది. తలంబ్రాలు పోసే అక్క చెయ్యి గాలిలోనే నిలబడిపోయేది. పట్నంలో ఒక దుకాణదారుని అడిగితే “గ్రాఫిక్స్ కార్డు లేంది ఇది కాదు” అని ఒక్క మాటలో తేల్చేశాడు.

పసుపు అమ్మిన పైసలున్నాయి. కాని బోరు మోటరు కాలిపోయి ఉంది, నాట్ల కాలం ముందుంది. “ఆ కార్డు ఏం జేస్తదిరా? మోటరు ఆపి దానికి పెట్టాల్నా?” అన్నాడు బాపు. అడిగింది న్యాయమే. జవాబు వెతకవలసిన బాధ్యత నాది.

ఫోర్-కె బొమ్మలో అడ్డం 3840, నిలువు 2160 చుక్కలు, గుణిస్తే 82,94,400. సెకనుకు 30 బొమ్మలంటే దాదాపు 25 కోట్ల చుక్కలు! ప్రాసెసర్ పెద్ద మేస్త్రి వంటిది. ఏ పనైనా చేస్తుంది గాని చేతులు కొన్నే. గ్రాఫిక్స్ చిప్పులో వందలు, వేలు చిన్న చేతులుంటాయి. మడిలో వరుసగా వంగి నాటువేసే కైకిలోళ్లను తలచుకోండి: అందరిదీ ఒకే పని, ఒకేసారి. రంగు దిద్దడం, మసక చేయడం, సైజు మార్చడం అటువంటి పనులే. ఎన్విడియా 1999లో ‘జీఫోర్స్ 256’ను ఆటల కోసమే అమ్మింది. 2010లో అడోబీ ప్రీమియర్ సి.ఎస్.5 వచ్చాక ఎడిటింగ్ వాళ్లూ ఆ కార్డుల వెంట పడ్డారు. డావిన్చి రిజాల్వ్ అయితే భారమంతా కార్డు మీదే వేస్తుంది.

అయితే నేను ఇంకా ఒక్క రంగూ దిద్దనేలేదు! ఉత్తగా చూస్తుంటేనే ప్రాసెసర్ నూటికి నూరు పాళ్లు నిండిపోతోంది. ముడి వేరేచోట ఉంది. ఫోన్లు హెచ్.265 పద్ధతిలో దాస్తున్నాయి. అది 2013లో వచ్చిన ప్రమాణం. ప్రతి బొమ్మనూ పూర్తిగా దాచదు. ఒకటి పూర్తిగా దాచి, తరువాతివాటిలో మారినంత మేరకే రాసుకుంటుంది. నడిమి బొమ్మ కావాలంటే వెనుకటివన్నీ విప్పుకుంటూ రావాలి. ఇది నాటు వరుస చేసే పని కాదు. దీనికి చిప్పులోనే వేరే చిన్న భాగం ఉండాలి. మా పాతదాంట్లో హెచ్.264కు ఉంది, హెచ్.265కు లేదు. కొత్త కార్డుతో ఆ భాగమూ వస్తుంది, కనుక దుకాణదారుడన్నది పూర్తిగా అబద్ధం కాదు. కాని వేరే దారి ఉందని అతడు చెప్పలేదు.

అన్నింటికీ 1280 × 720లో, హెచ్.264లో చిన్న నకళ్లు చేసుకున్నాను. చుక్కలు తొమ్మిదో వంతుకు దిగాయి. అక్క చెయ్యి కదిలింది. నకళ్ల మీద కోతలు పెట్టుకొని, చివర అసలువాటితో కలపడమే.

“కార్డుంటే జల్దీ అయితది బాపూ. లేకున్నా అయితది, రాత్రుళ్లు పడ్తది” అన్నాను.

“రాత్రుళ్లకు పైసల్ బెట్టాల్నా” అని లేచి మోటరు సంగతి చూడబోయాడు.

రోజూ ఈ పనిమీద బతికేవారికి కార్డు కావలసిందే. కైకిలోళ్లు లేకుండా పదెకరాలు నాటమంటే ఎవరు నాటుతారు? నాకైతే ఇప్పటికీ ఆశే.

మూడు గంటల పెండ్లి ఇరవై రెండు నిమిషాలకు వచ్చింది. రాత్రి పదింటికి పెడితే తెల్లారేదాకా నడిచింది. ఫ్యాను మోతకు అవ్వ రెండుసార్లు లేచింది. సెలవు రోజున అన్న చూసి ఫోన్ చేశాడు. “మంచిగుంది తమ్మీ. అప్పగింతల కాడ బాపు మొఖం ఇంకింత సేపు ఉంచరాదా?”

ఆ రాత్రి నాలుగు సెకన్లు కలిపి, మళ్లీ పెట్టి పడుకున్నాను.