పండుకున్నంక మారే తారీఖు

చిన్నపిల్లలకు గడియారం చూడటం నేర్పడం పెద్ద కష్టమేమీ కాదు. చిన్నముల్లు గంటలకు, పెద్దముల్లు నిమిషాలకు. కొన్నాళ్లు తడబడతారు, ఆ తర్వాత వాళ్లే మనల్ని తొందరపెడతారు: "తాతా, వార్తల యాళ్లయింది, టీవీ పెట్టు." తంటా అంతా ఏఎం, పీఎం దగ్గర వస్తుంది. పీఎం అంటే టీవీలో కనబడే పీఎం కాదని చెప్పడానికే ఒక పూట పడుతుంది. అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం దాకా ఏఎం, మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాకా పీఎం అని పుస్తకం ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. అందులో తప్పేమీ లేదు. పిల్లలు అప్పజెపుతారు కూడా. మర్నాడు "రాత్రి రెండు గంటలు ఏఎమ్మా, పీఎమ్మా?" అని అడిగితే గల్లీ పిల్లలందరూ ఒక్క గొంతుతో "పీఎం" అంటారు.

వాళ్లు తెలివితక్కువగా అనడం లేదు, బాగా ఆలోచించే అంటున్నారు. వెలుగుంటే ఏఎం, చీకటైతే పీఎం అని ఎవరూ చెప్పకుండానే ఒక సూత్రం కట్టుకున్నారు. పొద్దున ఏడింటికి, రాత్రి ఎనిమిదింటికి అది చక్కగా పనిచేస్తుంది. పిల్లలు మెలకువగా ఉండి గడియారం చూసే గంటలు చాలావరకు అవే గనుక సూత్రం నిజమేనన్న ధీమా వస్తుంది. ఎండ మండే మూడింటికి, కోడి కూసే నాలుగింటికి అది చెడుతుంది. ఒకటి వాళ్లు బళ్లో ఉండే సమయం, రెండోది గాఢనిద్రలో ఉండే సమయం.

పైగా మా ఊరు జడ్చర్ల ఇళ్లల్లో రోజును రెండు ముక్కలుగా ఎవరు కోశారు? మా పెద్దవాళ్ల మాటల్లో ఏగిలివారంగ లేస్తారు, అంబటాళ్లకు ఇంత తాగి చేనుకు పోతారు, పగటీలి చెట్టు కింద నడుం వాలుస్తారు, మాపటీలి ఇంటి ముఖం పడతారు. ఒక్కో పొద్దుకు ఒక్కో పని ఉంది. పిల్లలు ఇదంతా వింటూనే పెరుగుతారు. ఇన్ని పొద్దులు తెలిసిన పిల్లల్ని కూర్చోబెట్టి, నడిరాత్రి రెండింటినీ పొద్దెక్కిన పదింటినీ ఒకే గూట్లో పెట్టమంటే ఎందుకు పెట్టాలని అడుగుతారు. అడగాలి కూడా.

అందుకని నేను గోడ గడియారం జోలికి పోను, ఊరినే చూపిస్తాను. చీకటి పడితే నిద్రపోయే ఊరు కాదు మాది. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద తెల్లవార్లూ లారీలు పోతూనే ఉంటాయి. పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలు షిఫ్టుల మీద నడుస్తాయి. రాత్రి షిఫ్టుకు పోయే నాయన ఉన్న పిల్లవాడికి ఈ పాఠం ఇంట్లోనే ఉంది. నాయన సద్ది కట్టుకుని బండి తీసింది పీఎంలో, తిరిగొచ్చి తలుపు కొట్టింది ఏఎంలో. ఆ రెంటి నడుమ తారీఖు మారింది, మారినప్పుడు నాయన మెలకువగానే ఉన్నాడు. రైతుల ఇళ్లల్లో అయితే తాతల్ని అడగమంటాను. 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలవక ముందు త్రీఫేజు కరెంటు విడతలు విడతలుగా వచ్చేది, అందులో ఒక విడత రాత్రిపూట. టార్చిలైటు పట్టుకుని, పాముల భయం పెట్టుకుని మోటరు వేయడానికి చేనుకు పోయిన రాత్రి రెండు గంటలూ, అదే తాత మనవణ్ని బడికి తోలిన పొద్దున తొమ్మిది గంటలూ ఏఎమ్మే. ఈ మాట విన్నాక వెలుగు చీకట్ల సూత్రం దానంతటదే పోతుంది.

అయినా నాకు దొరికిన వాటిలో అన్నిటికంటే మంచి పాఠ్యపుస్తకం రంజాన్ నెలలో పంచే టైమ్‌టేబుల్ కార్డు. ఒక వరుసలో సహరీ, ఇంకో వరుసలో ఇఫ్తార్. సహరీ చీకట్లోనే ముగించాలి, అది ఏఎం. ఇఫ్తార్ పొద్దు గూకగానే, అది పీఎం. రోజా ఉండే ఇంటి పిల్లవాడు ఈ రెంటినీ ఎన్నడూ తారుమారు చేయడు. నేర్పింది ఆకలి మరి. ఆ పిల్లవాడి చేత పక్కవాళ్లకు చెప్పిస్తే నా పని సగం అయిపోతుంది.

మిగిలిన సగం మాత్రం గట్టిది. ఏఎం, పీఎం కుదిరాక పిల్లలు అసలు ప్రశ్న వేస్తారు: "మనం పండుకున్నంక తారీఖు ఎవరు మారుస్తరు?" దీనికి జడ్చర్లలో మూడు జవాబులున్నాయి. పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, రాత్రి రెండింటికి ఇంకా నిన్నటి వారమే నడుస్తూ ఉంటుంది. ముస్లింల లెక్కలో పొద్దు గూకడంతోనే కొత్త రోజు వస్తుంది. నెలవంక కనబడ్డ సాయంత్రమే రంజాన్ నెల మొదలు, ఆ రాత్రే తరావీ నమాజు, తెల్లారితే మొదటి రోజా. బడి గడియారానికి మాత్రం నడిరాత్రి పన్నెండే సరిహద్దు. ఒకే బెంచీ మీద కూర్చున్న ముగ్గురు పిల్లల ఇళ్లల్లో రోజు మూడు వేళల్లో మొదలు కావచ్చు. ఏదీ తప్పు కాదు. ఏఎం, పీఎం మూడో లెక్కకు చెందినవి, అంతే. ఈ సంగతి చెప్పకుండా గీత ఎక్కడ గీయాలో మాత్రమే చెబితే, పిల్లలు బళ్లో ఒప్పుకుని ఇంట్లో మరిచిపోతారు.

నడిరాత్రి లెక్కకు నేను చెప్పే ఉదాహరణ మన రాష్ట్రానిదే. 2014 జూన్ 1 రాత్రి పన్నెండు కొట్టగానే హైదరాబాద్‌లో పటాకులు పేలాయి, తెలంగాణ వచ్చేసింది. కేసీఆర్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది తెల్లారాక, జూన్ 2 పొద్దున. ఒకటో తారీఖున ఆంధ్రప్రదేశ్‌లో పండుకున్న పాలమూరు రెండో తారీఖున తెలంగాణలో లేచింది. మధ్యలో ఎవరూ మంచం దిగలేదు. పిల్లలు ఇది విని నవ్వుతారు గాని మరిచిపోరు.

మధ్యాహ్నం గీతకు బడి వాకిట్లో పాతిన కర్ర చాలు. నీడ ఎప్పుడు అన్నిటికంటే పొట్టిగా ఉంటుందో గుర్తు పెట్టమంటే, గడియారంలో పన్నెండు దాటినా నీడ ఇంకా తగ్గుతూనే ఉందని పిల్లలు ఫిర్యాదు చేస్తారు. మన దేశపు గడియారాన్ని కాకినాడ పక్కనుంచి పోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి కట్టారు. జడ్చర్ల దానికి నాలుగు డిగ్రీలకు పైగా పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన సూర్యుడు మన నెత్తిమీదికి వచ్చేసరికి సగటున 12:17 అవుతుంది. ఫిబ్రవరిలో అయితే పన్నెండున్నర, నవంబరు మొదట్లో దాదాపు పన్నెండే. ఆగస్టు మొదటి వారంలో ముసురు పట్టకపోతే కర్రకు నీడే లేని మధ్యాహ్నం ఒకటి దొరుకుతుంది. గడియారంలో పన్నెండంటే సూర్యుడు పెట్టిన గీత కాదనీ, అందరూ కలిసి ఒప్పుకున్నదనీ అప్పుడు వాళ్లకే తెలుస్తుంది.

"మరి సరిగ్గ పన్నెండైతే ఏంది?" అని కొంటె పిల్లలు అడుగుతారు. న్యాయంగా చూస్తే ఏదీ కాదు. మరుక్షణం నుంచి పీఎం నడుస్తుంది గనుక పగటి పన్నెండును పీఎంలో, అదే తీరున రాత్రి పన్నెండును ఏఎంలో కలిపేశారు. ఈ పేచీ పెద్దవాళ్లకూ తప్పలేదు. ఆన్‌లైన్ దరఖాస్తులకు గడువు రాత్రి 11:59 అని పెట్టేది అందుకే. రైల్వేవాళ్లు ఏఎం, పీఎంలనే వదిలేసి 24 గంటల లెక్క పట్టుకున్నారు. అయినా 15వ తారీఖు 00:20 బండికి టికెట్ కొని, 15 రాత్రి భోజనం చేసి తీరిగ్గా స్టేషనుకు పోయేవాళ్లు ఉంటూనే ఉన్నారు. బండి నిన్ననే పోయిందంటే వాళ్లు నమ్మరు.

కాబట్టి రెండో తరగతి పిల్లవాడు తడబడితే అమ్మానాన్నలు కంగారు పడనక్కర్లేదు. మన పెండ్లికార్డులు చూడండి. ముహూర్తం రాత్రి రెండు దాటాక ఉంటే, బుధవారం రాత్రి అని రాసి, ఎందుకైనా మంచిదని పక్కన "తెల్లవారితే గురువారం" అని కూడా వేయిస్తాం. వచ్చే చుట్టాలందరికీ గడియారం చూడటం వచ్చు, చేతుల్లో ఫోన్లున్నాయి, అయినా రెండు వారాల పేర్లు వేయించక తప్పడం లేదు. పెద్దలకే ఇంత జాగ్రత్త కావాల్సివస్తే, బడి పిల్లవాడికి ఇంకో ఏడాది గడువివ్వడంలో తప్పేముంది?