కంప్యూటరూ – కాలవ లాకూ

"గీక్" అనే మాట ఇంగ్లీషువాళ్ళు ఏ అర్థంతో వాడతారోగానీ, మా చల్లపల్లి వైపు గీకడం అంటే గీకడమే. అడుగంటిన పాలగిన్నె గీకుతారు. సున్నం వేసేముందు పాతగోడ గీకుతారు. ప్రశ్నపత్రం చూసి బుర్ర గీక్కుంటారు. ఈ మూడోదాన్ని పట్టుకుని నేనొక నిర్వచనం చేసుకున్నాను: తెల్లవార్లూ కంప్యూటర్ ముందు కూర్చుని, ఎవరూ అడక్కపోయినా, మార్కులు రాకపోయినా, బుర్ర గీక్కునేవాడే గీక్. మా హాస్టల్లో అలాంటివాళ్ళు నలుగురున్నారు. వాళ్ళ తెర మీద బొమ్మలుండవు, నల్లటి పలక మీద పచ్చటి అక్షరాలే. మామూలు విండోస్ వాడే మాలాంటివాళ్ళని చూసి, కాళ్ళకి చెప్పుల్లేనివాణ్ణి చూసినట్టు జాలిపడతారు. రాత్రి రెండు గంటలకి ఏదో ప్రోగ్రాం ఆడిందని కేక వేస్తారు. వార్డెన్‌గారు లేచొస్తారు.

నవ్వులాటకి అన్నానుగానీ, నాకు వాళ్ళంటే గౌరవమే. తెలుసుకోవాలనే దురద లేనివాడు సైన్సు చదివి ఏం లాభం? అయితే ఆ దురద కంప్యూటర్‌తో పుట్టిందనుకుంటే మాత్రం నేనొప్పుకోను. మా ఊళ్ళో ఆయిలింజన్లు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఇంజను మీద చెయ్యి వెయ్యకుండా, గట్టు మీద నిలబడి చప్పుడు విని, "నాజిల్ పోయిందిరా" అని చెప్పేస్తాడు. ఆయన చదువు ఐదో తరగతి. నా లెక్కలో ఆయనా గీకే. ఒక్కటే తేడా. ఇంజను విప్పినప్పుడు పక్కన ఎవరు నిలబడినా ఆయన ఏ ముక్క ఎందుకో చెబుతాడు. మా హాస్టల్ వీరుల్ని అడిగితే "నీకు అర్థం కాదులే" అంటారు. విద్య పెరిగేకొద్దీ నోరు మూసుకుపోవాలా? ఏమో మరి!

కంప్యూటర్ మనవైపు రావడం నిన్నా మొన్నా జరిగింది కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలో పుట్టిన ఎ.ఎస్. రావుగారి సారథ్యంలో 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. వెలిసింది. టి.డి.సి. అనే పేరుతో మన దేశపు కంప్యూటర్లు అక్కడ తయారయ్యాయి. అదే రోజుల్లో కలకత్తాలో ఎల్.ఐ.సి. ఉద్యోగులు "మా పొట్టకొట్టే ఈ యంత్రం మాకొద్దు" అని పెద్ద ఆందోళన చేశారు. ఆ తర్వాత కాలం మారింది. పాత ప్రోగ్రాముల్లో జాగా కలిసొస్తుందని సంవత్సరానికి రెండంకెలే రాశారు గదా, 1999 దాటి "00" వస్తే యంత్రం దాన్ని 1900 అనుకుంటుందేమోనని ప్రపంచమంతా కంగారుపడింది. ఆ కంగారు మనవాళ్ళకి కలిసొచ్చింది. అమీర్‌పేటలో గదులు అద్దెకి తీసుకుని కోబాల్ నేర్చుకున్న మన కృష్ణా, గుంటూరు జిల్లాల కుర్రాళ్ళు విమానాలెక్కారు. 1998 నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తర్వాత మా ఊళ్ళో డాబాలు లేచాయి. డాబాల్లో ముసలివాళ్ళు మిగిలారు. సాయంత్రం ఫోనులో మనవడి మొహం చూసి, మర్నాడు పొద్దున్న అరుగు మీద ఆ కబుర్లే చెప్పుకుంటారు.

అందుకని మావైపు కంప్యూటర్ అంటే ఒక విద్య అని ఎవరూ అనుకోరు. అదొక పడవ, అమెరికా రేవుకి పోయే పడవ. పెళ్ళిళ్ళలో నన్ను చూసి "ఏరా అబ్బాయ్, ఏ బ్రాంచి?" అంటారు. బి.యస్సీ. ఫిజిక్సు అని చెబితే, "పోనీలే, ఆరోగ్యం బాగుందా?" అన్నట్టు చూస్తారు. మా నాన్నకీ మనసులో ఉంది. "పొలం నీతో ఆగిపోయినా ఫరవాలేదురా, నువ్వు మాత్రం ఆ కంప్యూటర్ చదువే చదువు" అని ఇంటరు అయిన రోజున అన్నాడు. నాన్న బాధ నాకు తెలుసు. సొంతం రెండెకరాలు, కౌలు మూడెకరాలు. సార్వా వరి, ఆ వెనక మినుము. పెట్టుబడి చేతికొచ్చిన ఏడు పండగ, రాని ఏడు అప్పు. అలాంటి మనిషి కొడుకుని పడవెక్కించాలనుకోవడంలో తప్పులేదు. కానీ ఆ పడవ ఎవరు చేశారు, ఏ కర్రతో చేశారు అని అడిగేవాడు ఇంటికొకడైనా ఉండాలి గదా అని నా వాదన.

కంప్యూటర్ వల్ల మేలు లేదని నేననను. అలా అంటే మా నాయనమ్మే ఊరుకోదు. 1977 నవంబరు 19న మా పక్కనున్న దివిసీమని ఉప్పెన ముంచేసింది. పదివేలమందికి పైగా పోయారు. ఎంత ముప్పు వస్తోందో చాలా ఊళ్ళకి తెలియనే తెలియదు. అప్పటికి మా నాయనమ్మ కొత్తకోడలు. ఇప్పటికీ గాలి గట్టిగా వీస్తే దేవుడి గదిలోకి వెళ్ళి కూర్చుంటుంది. 1983లో ఇన్శాట్-1బి ఆకాశంలోకి వెళ్ళాక మేఘాల్ని పైనుంచి చూడటం మన చేతిలోకి వచ్చింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అది ఎటు వస్తోందో అంతకు కొన్నిరోజుల ముందునుంచే మా నాన్న ఫోనులో గీత గీసినట్టు కనబడింది. ఆ గీత గీసింది కంప్యూటరే. గాలి వేగం, ఒత్తిడి, సముద్రపు వేడి అన్నీ తీసుకుని లెక్కలు కట్టే పని మనుషుల వల్ల అయ్యేది కాదు. ప్రాణాలు నిలబడ్డాయి. పనల మీద ఉన్న వరి మాత్రం తడిసింది. బరకాలు మొయ్యడం, కుప్ప వెయ్యడం ఏ కంప్యూటరూ చెయ్యదు మరి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈమధ్య మా ఊళ్ళల్లో ఒక కొత్త మాట పుట్టింది: "కంప్యూటర్ ఒప్పుకోవడం లేదు." దాని తమ్ముడు ఇంకోటి ఉంది, "సర్వర్ డౌను." పూర్వం తలరాత అనేవారు, ఇప్పుడు సర్వర్ అంటున్నారు. రెంటికీ అప్పీలు లేదు.

మా నాయనమ్మని ఒక పని మీద వేలిముద్ర వెయ్యడానికి తీసుకెళ్ళాను. ఏ పని, ఏ ఆఫీసు అన్నది ఇక్కడ అనవసరం. ఆవిడ పదేళ్ళ వయసునుంచి ఊడ్పులు ఊడ్చిన మనిషి. మినుము పీకింది, పిడకలు చేసింది, అంట్లు బూడిదతో తోమింది. బొటనవేలు పెట్టింది, మిషను ఒప్పుకోలేదు. చూపుడువేలు పెట్టింది, ఒప్పుకోలేదు. తడిగుడ్డతో తుడిచారు. జుట్టుకి రాసుకుని మళ్ళీ పెట్టమన్నారు. "మామ్మగారూ, గట్టిగా నొక్కండి" అన్నాడు కుర్రాడు. పది వేళ్ళూ అయిపోయాయి. మా నాయనమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, "అరిగిపోయినయ్యి నాయనా. నేను నేనేనని ఇంతమంది చెబుతుంటే అది వినదా?" అంది. ఆ కుర్రాడు మంచివాడే. తల వంచుకుని, "కంప్యూటర్ ఒప్పుకోవడం లేదు మామ్మగారూ" అన్నాడు. మేం ఇంటికొచ్చేశాం.

ఆ రాత్రి నేను కూర్చుని ఈ వేలిముద్ర సంగతేమిటో చదివాను. మన వేలిమీద గీతలుంటాయి గదా, అవి ఎక్కడ ఆగిపోతున్నాయి, ఎక్కడ రెండుగా చీలుతున్నాయి అన్న చోట్లని మిషను గుర్తుపెట్టుకుంటుంది. ఈసారి వేలు పెట్టినప్పుడు ఆ చోట్లు పాతవాటితో ఎంతవరకు కలిశాయో లెక్కేసి ఒక మార్కు ఇస్తుంది. ఇన్ని మార్కులొస్తే పాసు, తక్కువైతే ఫెయిలు. అంటే మన పరీక్షే! మరి పాసుమార్కు ఎంతో ఎవరు పెట్టారు? కంప్యూటర్ పెట్టుకోదు. ఎక్కడో చల్లటి గదిలో కూర్చున్న ఒక మనిషి పెట్టాడు. ఎక్కువ పెడితే మా నాయనమ్మలాంటివాళ్ళు ఆగిపోతారు. తక్కువ పెడితే దొంగలు దూరతారు. వేలు ఒప్పకపోతే కంటిపాప చూడవచ్చు, ఫోనుకి నంబరు పంపవచ్చు, ఊరివాళ్ళ సాక్ష్యం తీసుకోవచ్చు. ఆ దారి తెరిచి ఉంచాలా, మూసెయ్యాలా అన్నదీ మనిషి నిర్ణయమే. ఆ నిర్ణయం చేసినవాడు అరవై ఏళ్ళు ఊడ్పులు ఊడ్చిన వేలుని ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూశాడా? నా ప్రశ్న ఇదొక్కటే.

మనం డెల్టావాళ్ళం. ఈ సంగతి మనకి ఒకరు నేర్పక్కర్లేదు. 1855లో విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అప్పటినుంచి ఇప్పటిదాకా శివారు చేలకి నీళ్ళు రాకపోతే మనవాళ్ళెవరూ "కాలవ ఒప్పుకోవడం లేదు" అనలేదు. లాకు దగ్గర ఎవరున్నారు, లస్కరు ఏడి, పైన ఎవరు తూము ఎత్తుకున్నారు అని అడుగుతూ గట్టు వెంబడి పైకి నడిచారు. అవసరమైతే రాత్రంతా కాపలా కాశారు. కంప్యూటర్ కూడా ఒక కాలవే. అందులో నీళ్ళ బదులు సమాచారం పారుతుంది. దానికీ లాకులున్నాయి, లాకు దగ్గర మనుషులున్నారు. కాలవ గట్టున నడవడం తెలిసిన జాతి కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి తలవంచుకుని ఇంటికెందుకు రావాలి?

లాకు దగ్గర మనవాళ్ళు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక సరదా కథ ఉంది, నిజంగా జరిగిందే. 2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరం ఒకటి ఐఫోన్లని పడగొట్టింది. ఏ అక్షరమనుకున్నారు? "జ్ఞా." జ్ఞానంలో మొదటి అక్షరం! జ, పొల్లు, ఞ, ఆపైన కంటికి కనబడని ఒక గుర్తు, చివర దీర్ఘం. ఈ వరుసలో ఎవరైనా మెసేజి పంపితే, దాన్ని చూపించబోయి ఆ యాప్ కుప్పకూలేది. ఆకతాయిలు సరదాకి ఒకళ్ళకొకళ్ళు పంపుకున్నారు. ఆ నెల 19న ఆపిల్‌వాళ్ళు 11.2.6 అనే సవరణ పంపించి బాగుచేశారు. లక్షల రూపాయల ఫోను జ్ఞానాన్ని తట్టుకోలేకపోయిందని మనం నవ్వుకోవచ్చు. కానీ తెలుగు అక్షరాలకి యూనికోడ్‌లో 1991 నుంచే చోటుంది. ఇరవయ్యారేళ్ళ తర్వాత కూడా మన గుణింతం ఒకటి ఇలా బయటపడిందంటే, అక్కడ మన ఒత్తులూ దీర్ఘాలూ అన్నివిధాలా రాసి చూసినవాళ్ళు తక్కువన్నమాట.

మాటలోనూ అంతే. ఇప్పుడు ఫోనుతో తెలుగులో మాట్లాడవచ్చు. మా నాన్న "రేపు బందర్లో వాన పడుద్దా?" అని అడిగితే అది తెల్లమొహం వేస్తుంది. నేను పక్కనుంచి "పడుతుందా" అని రేడియో భాషలో అడిగితే టక్కున చెబుతుంది. వాడుకభాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా పోరాడారు. ఆయన పేరుతో కంప్యూటర్లో ఒక ఫాంటు కూడా ఉంది. అయినా మా నాన్న సొంత ఫోను ముందు గ్రాంథికం నేర్చుకోవలసి వస్తోంది!

తమాషా ఏమిటంటే, యంత్రానికి మనిషి మాట వినడం నేర్పినవాళ్ళలో ముందువరస మనిషి ఒక తెలుగు రైతుబిడ్డ. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డిగారు 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు తీసుకున్నారు. 1994లో ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. కంప్యూటర్ శాస్త్రానికి అంతకన్నా పెద్ద బహుమతి లేదు. ఆసియాలో పుట్టినవాళ్ళలో అది మొదట వచ్చింది ఆయనకే. 2008లో నూజివీడు మొదలైన చోట్ల పల్లెటూరి పిల్లల కోసం ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు ఆ విశ్వవిద్యాలయానికి ఆయన కులపతిగా ఉన్నారు. ఆయన పడవెక్కి వెళ్ళినవారే. కానీ పడవ ఎలా చెయ్యాలో నేర్చుకుని, కొన్ని పడవలు ఈ ఒడ్డుకీ తోలారు.

ఇప్పుడు మళ్ళీ భయం పట్టుకుంది. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చినప్పటినుంచి కంప్యూటర్ చదివినవాళ్ళ ఉద్యోగాలే పోతాయంటున్నారు. మా హాస్టల్ గీకులు కూడా కాస్త నెమ్మదించారు. పోయేవి పోతాయి, వచ్చేవి వస్తాయి, అది చెప్పేటంత వాణ్ణి కాను. నాకు తెలిసిందల్లా ఒకటి. ప్రోగ్రాం రాయడం యంత్రం నేర్చుకున్నా, మా నాయనమ్మ వేలు ఎందుకు అరిగిందో దానికి ఎవరో ఒకరు చెప్పాలి. అది తెలిసినవాళ్ళు మన కాలేజీలో బోలెడుమంది ఉన్నారు. చేలగట్ల మీదనుంచి వచ్చినవాళ్ళం మనమే గదా!

కాబట్టి మిత్రులారా, బి.కాం. అయినా బి.ఏ. అయినా కంప్యూటర్ అంటే బెదరకండి. "ఒప్పుకోవడం లేదు" అని ఎవరన్నా అంటే, "ఎవరు ఒప్పుకోవడం లేదు?" అని ఒక్కసారి మర్యాదగా అడగండి. హాస్టల్ గీకులారా, శనివారం సాయంత్రం ఒక గంట ఆ నల్లపలక మాకూ చూపించండి, ఆయిలింజను పెద్దాయన చెప్పినట్టు చెప్పండి. ఇక ఈ సావనీరు ఏ దూరదేశంలోనో చదువుతున్న పూర్వ విద్యార్థులకి ఒక మనవి. సెలవులకి ఊరొచ్చినప్పుడు కాలేజీకి గడియారాలూ బీరువాలూ ఇవ్వవద్దని అనను. వాటితోపాటు ఒక పూట వచ్చి, మీరు కూర్చునే ఆ లాకు దగ్గర ఏం జరుగుతుందో మాకు తెలుగులో చెప్పండి. గది మేం తుడిచి ఉంచుతాం.

— తృతీయ బి.యస్సీ. విద్యార్థి, చల్లపల్లి