బెల్టు కూత

బొల్లారం అనగానే చాలామందికి రాష్ట్రపతి నిలయం ఉన్న సికింద్రాబాద్ బొల్లారం గుర్తొస్తుంది. నేను బండి నడిపింది అక్కడ కాదు. సంగారెడ్డి జిల్లాలో, ఔటర్ రింగు రోడ్డు పక్కనున్న మందుల కంపెనీల బొల్లారంలో. రాత్రిపూట షిఫ్టు వదిలాక ఆడపిల్లలను ఇళ్ల దగ్గర దింపే కారు నాది. ల్యాబుల్లో, ప్యాకింగులో పనిచేసేవాళ్లు. గేటు దగ్గర ఎక్కించుకుని సుల్తాన్‌పూర్, కిష్టారెడ్డిపేట మీదుగా బీరంగూడ దాకా ఒక్కొక్కరినీ దింపుకుంటూ పోవాలి. బండి ఫైనాన్సులో ఉంది. ఆ కాంట్రాక్టు డబ్బులతోనే కిస్తీ కట్టేవాణ్ణి, పాప ఫీజు కట్టేవాణ్ణి.

మోత ఎండాకాలంలో మొదలైంది. ఇంజన్ ముందు భాగం నుంచి సన్నగా, కుయ్యిమని. యాక్సిలరేటర్ తొక్కితే పెరిగేది, వదిలితే దిగేది. పగటిపూట వినపడీ వినపడనట్టు ఉండేది. రాత్రి హెడ్‌లైట్లు, ఏసీ వేశానంటే ఇక మాట వినపడనిచ్చేది కాదు. "అన్నా, ఏందిది, బండి గిట్ల అరుస్తది?" అని వెనక కూర్చున్నవాళ్లు రోజూ అడిగేవారు.

షెడ్డుకు తీసుకుపోయాను. బోనెట్ లేపి, దూరం నుంచే విని, "బెల్టు పోయింది" అన్నాడు మెకానిక్. కొత్త బెల్టు వేశాడు. మోత తగ్గింది. కొన్నాళ్లకు మళ్లీ అదే కూత. ఇంకో షెడ్డులో టెన్షనర్ అన్నారు, అదీ మార్పించాను. ఆ తర్వాత ఇంకొకాయన బెల్టు లోపలి గీతలకు బట్టల సబ్బు రుద్దాడు. ఆ రోజంతా బండి నోరు మెదపలేదు. మర్నాడు లక్డారం వైపు కిరాయికి వెళ్లి, క్రషర్ల దుమ్ములో నుంచి వచ్చేసరికి ఆ సబ్బుకు దుమ్ము అంటుకుని బెల్టు గరుకు కాగితంలా అయిపోయింది. ఇన్ని చేతులు మారినా, ఈ మోత ఎప్పుడు వస్తుంది, ఏం వేస్తే పెరుగుతుంది అని నన్ను ఒక్కరూ అడగలేదు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది అక్కడే. సామాను మార్చడానికి అందరి దగ్గరా టైముంది, వినడానికి ఎవరి దగ్గరా లేదు. వాళ్ల అంచనా తప్పిన ప్రతిసారీ బిల్లు నాదే.

ఈ బెల్టు సంగతి కొంచెం చెప్పాలి. అంబాసిడర్ నడిపిన మా మామ డిక్కీలో ఎప్పుడూ ఒక ఫ్యాన్ బెల్టు అదనంగా ఉంచుకునేవాడు. తెగితే రోడ్డు మీదే రెండు పానాలతో ఆయనే మార్చుకునేవాడు. ఇప్పటి చాలా కార్లలో ఒకటే పొడుగు బెల్టు. క్రాంకు పుల్లీ దగ్గర బయలుదేరి డైనమోను, వాటర్ పంపును, ఏసీ కంప్రెసర్‌ను మెలికలు తిరుగుతూ చుట్టి వస్తుంది. నా బండిలో పవర్ స్టీరింగ్ పంపు కూడా దాని మీదే. వాటిల్లో ఏ ఒక్కటి బిగుసుకుపోయినా బెల్టు తెగొచ్చు. బెల్టు తెగితే అన్నీ ఒకేసారి ఆగిపోతాయి.

నాకు అలాగే జరిగింది. సుల్తాన్‌పూర్ దాటాక, వీధిదీపాలు లేని చోట. ముందు కాలిన రబ్బరు వాసన వచ్చింది. బొల్లారంలో రాత్రిపూట గాలికి ఏదో ఒక మందు వాసన ఉంటూనే ఉంటుంది. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. అన్నేళ్ల తర్వాత కూడా ఇక్కడివాళ్లు వాసన రాగానే కిటికీ మూస్తారు తప్ప ఎక్కణ్ణుంచని వెతకరు. "కంపెనీవాళ్లు వదిలినట్టున్నరు" అని ఒకమ్మాయి అద్దం ఎక్కించింది. అంతలోనే బోనెట్ కింద టపటపా కొట్టుకున్న చప్పుడు. బ్యాటరీ ఎర్రలైటు వెలిగింది, స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది. టెంపరేచర్ ముల్లు పైకి లేస్తోంది. వాటర్ పంపు ఆగిన ఇంజన్ను ఇంకొంచెం దూరమని తోలితే హెడ్డు పోతుంది. బలమంతా పెట్టి స్టీరింగ్ తిప్పి పక్కకు ఆపి, ఇంజన్ కట్టేశాను.

ఆ తర్వాతి సేపు తలచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. టిప్పర్లు ఒరుసుకుంటూ పోతున్నాయి. అమ్మాయిలను దించి, రోడ్డుకు దూరంగా, నా ఫోను లైటు వెలుగులో నిలబెట్టాను. ట్రాన్స్‌పోర్టు సూపర్‌వైజర్‌కు ఫోను చేస్తే ఎత్తలేదు. ఎత్తాక, ఈ టైములో వేరే బండి లేదన్నాడు. ఒక బైకు మీద ఇద్దరు వచ్చి ఆగారు. ఏమైంది, ఎక్కడ దింపాలి, అని అమ్మాయిల వైపే చూస్తూ అడిగారు. వాళ్లలో పెద్దామె ముందుకొచ్చి, "మా కంపెనీ బస్సు వస్తుంది, మీరు పోండి" అని గట్టిగా అంది. ఏ బస్సూ రావడం లేదని ఆమెకు తెలుసు. బైకు కొంత దూరం పోయి మళ్లీ ఆగింది. నేను జాకీ రాడ్డు చేతిలో పట్టుకునే నిలబడ్డాను. చివరికి నిజంగానే ఒక బస్సు వచ్చింది, వేరే కంపెనీది. చెయ్యెత్తితే డ్రైవర్ ఆపి, ఏమీ అడక్కుండా వాళ్లను ఎక్కించుకున్నాడు. ఆయన పేరు కూడా అడగలేకపోయాను.

బీరంగూడ కమాన్ దగ్గర ఒకమ్మాయి తండ్రి అర్ధరాత్రి దాకా ఎదురుచూశాడట. తెల్లారగానే ఫోను చేశాడు. "నీ బండిల మా బిడ్డను ఇగ తోలియ్య" అన్నాడు. నేనేం చెప్పగలను? నాకూ ఆడపిల్ల ఉంది.

బండిని తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చాను. మళ్లీ కొత్త బెల్టు పడింది, స్టార్టు చేయగానే మళ్లీ అదే కూత. ఈసారి ఏసీ కంప్రెసర్ మార్చాలి, పద్దెనిమిది వేలు అవుతుందన్నారు. ఆ డబ్బు నా దగ్గర లేదు.

ఆ అమ్మాయిల కంపెనీలోనే మెయింటెనెన్స్ ఫిట్టర్ ఒకాయన ఉన్నాడు, నర్సాపూర్ దిక్కు మనిషి. బ్లోయర్లు, పంపులు, మోటార్ల బేరింగులు చూడటమే ఆయన ఉద్యోగం. విషయం తెలిసి డ్యూటీ దిగాక వచ్చాడు. ముందు బోనెట్ లేపలేదు. "ఎప్పుడొస్తది తమ్మీ? చల్లగున్నప్పుడా, వేడెక్కినంకనా? లైట్లేస్తే ఏమైతది? ఏసీ బంద్ జేస్తే పోతదా?" అని అడిగాడు. ఏసీ కట్టేసినా లైట్లుంటే మోత ఉంటుందన్నాను. "అయితే కంప్రెసర్ మీద నాకు నమ్మకం లేదు" అన్నాడు.

బండి స్టార్టు చేయించి, వాటర్ బాటిల్ మూతకు చిల్లి పొడిచి, బెల్టు గీతల మీద నీళ్లు కొద్దికొద్దిగా కొట్టాడు. నీళ్లు పడగానే మోత ఆగి కాసేపటికి మళ్లీ వస్తే పుల్లీలు ఒక వరుసలో లేవని అనుమానించాలట. నీళ్లు పడగానే పెరిగితే బెల్టు జారుతోందని, టెన్షన్ చాలడం లేదని అనుకోవాలట. మాదాంట్లో ఏ మార్పూ లేదు. "బెల్టు మంచిదే. ఇది బేరింగు మాట" అన్నాడు.

పొడుగు స్క్రూడ్రైవర్ తీసి, చొక్కా చేతులు పైకి మడిచి, మొనను కంప్రెసర్ బాడీకి ఆనించి పిడిని చెవి వెనక ఎముకకు పెట్టుకున్నాడు. తర్వాత టెన్షనర్ బోల్టుకు, వాటర్ పంపుకు. తిరిగే భాగాలకు ఎక్కడా తగలనివ్వకుండా, తొందర లేకుండా. డైనమో దగ్గరికి వచ్చి ఆగాడు. "నువ్వు విను" అని పిడి నాకిచ్చాడు. బయట కుయ్యిమనే మోత లోపల వేరేగా ఉంది. ఇసుక వేసి తిరగలి తిప్పినట్టు గరగర. లైట్లు వేయించాడు, గరగర బరువెక్కింది. లైట్లు వేస్తే డైనమో మీద లోడు పెరుగుతుంది, బెల్టు దాన్ని ఇంకా గట్టిగా గుంజుతుంది, ఆ భారమంతా బేరింగు మీద పడుతుంది. నేను మొదటి నుంచీ గమనిస్తున్న గుర్తుకు అర్థం అది.

ఇంజన్ కట్టి, బెల్టు తీసి, కొన్ని సెకన్లు మాత్రం స్టార్టు చేశాడు. వాటర్ పంపు తిరగదు కాబట్టి ఎక్కువసేపు ఉంచకూడదు. కూత లేదు. కాబట్టి రోగం ఇంజన్ లోపల కాదు. అప్పుడు ఒక్కో పుల్లీని చేత్తో తిప్పాడు. టెన్షనర్ నున్నగా తిరిగింది. డైనమో పుల్లీ తిరుగుతూ తిరుగుతూ ఒకచోట పట్టుకుంటోంది, అటూ ఇటూ కదిపితే ఆడుతోంది.

డైనమో విప్పితే ముందరి బేరింగులో గ్రీజు ఎండి, నల్లటి పొడి అయిపోయింది. అంచుల చుట్టూ తుప్పు రంగు దుమ్ము. వేడెక్కినప్పుడు బిగుసుకుని, చల్లారాక మళ్లీ తిరుగుతుందట. అందుకే షెడ్డులో ఎవరికీ దొరకలేదన్నాడు. దాని మీద 6303 అని నంబరుంది. పదిహేడు మిల్లీమీటర్ల రంధ్రం, కంపెనీ మోటార్లలోనూ ఇదే వాడతామని చెప్పాడు. పటాన్‌చెరులో కొని తెచ్చాను. వెనక బేరింగు కూడా మార్పించి మొత్తం కలిపితే వెయ్యి రూపాయలు కాలేదు.

ఫిట్టరన్న డబ్బులు తీసుకోలేదు. పాత బేరింగు మాత్రం అడిగి తీసుకున్నాడు. కొత్తగా చేరిన హెల్పర్లకు, పాడైన బేరింగు వేలికి ఎలా తగులుతుందో చూపిస్తాడట.

బండి ఇప్పుడు నిశ్శబ్దంగా నడుస్తోంది. నా రూటు మాత్రం వేరే బండికి ఇచ్చేశారు. సూపర్‌వైజర్‌కు జరిగింది చెబుదామని వెళితే, వచ్చే కాంట్రాక్టులో చూద్దామన్నాడు. కిస్తీలు తప్పాయి. ఇప్పుడు పాశమైలారం వైపు పొద్దుటి షిఫ్టు వాళ్లను తోలుతూ ఒక్కొక్కటే కట్టుకొస్తున్నాను.