తేయాకు లేని టీ సెంటు

కృష్ణానగర్‌లో అందరికంటే ముందు లేచేవి టీకొట్లు. వీధిదీపాలు ఆరకముందే గిన్నెల్లో డికాషన్ తెర్లుతూ ఉంటుంది. ఆ ఆవిరి పక్కనే, సంచులు కాళ్ల దగ్గర పెట్టుకుని, జూనియర్ ఆర్టిస్టులూ లైట్‌మెన్లూ మేకప్ అసిస్టెంట్లూ యూనిట్ బస్సు కోసం ఎదురుచూస్తుంటారు. ఆరింటికి కాల్‌షీట్ అంటే ఐదింటికే ఇక్కడ ఉండాలి. నేను కాస్ట్యూమ్స్‌లో అసిస్టెంటుని. పన్నెండేళ్లుగా నా పొద్దు ఈ ఆవిరిలోనే పొడుస్తోంది. నా సంచిలో సూదీ దారం, పిన్నీసుల డబ్బా, చిన్న కత్తెర, సుద్దముక్క ఉంటాయి. రెండేళ్లుగా వాటితోపాటు ఒక సెంటు సీసా కూడా ఉంటోంది. అదీ టీ వాసనే.

అమీర్‌పేటలో ఒక ఫ్యాన్సీ షాపులో మూడొందల యాభైకి కొన్నాను. అట్టపెట్టె మీద రెండు తేయాకులు, పక్కన ఒక పీచ్ పండు బొమ్మ. టీ సెంటు అనగానే నాకు ఇరానీ చాయ్ గుర్తొచ్చింది. పాలు చిక్కగా మరిగిన వాసన, అడుగున చక్కెర తీపి ఉంటాయనుకున్నాను. మణికట్టు మీద కొట్టుకుని చూస్తే అదేమీ కాదు. మొదట, నారింజ తొక్క గిల్లితే చిమ్మే చిరుచేదు. అది పోతూ పోతూ ఉండగా పీచ్ తీపి. పావుగంటయ్యాక అసలుది వచ్చింది. పాలు పోయకముందు డికాషన్ గిన్నె మూత తీస్తే మొహానికి తగిలే వాసన అది. కొంచెం వగరు, కొంచెం పువ్వు. షాపులోనే నిలబడి మూడుసార్లు మణికట్టు వాసన చూసుకున్నాను.

అంతకుముందు నేను అత్తరు మనిషిని. చార్మినార్ దగ్గర అత్తరు దుకాణాల్లో గాజుబుడ్డి మూతకున్న పుల్లతో ముంజేతి మీద ఒక గీత గీసి చూపిస్తారు. అందులో ఆల్కహాల్ ఉండదు, నూనె. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో గులాబీలనూ మొగలిపూలనూ రాగి కాగుల్లో ఉడికించి, ఆ ఆవిరిని చందన తైలంలోకి పట్టే పద్ధతి ఇప్పటికీ ఉంది. కాల్చిన మట్టినుంచి తొలకరి వాసన తీసే అత్తరూ అక్కడిదే. ఒక్క చుక్క రాసుకుంటే పొద్దున్నుంచి రాత్రి దాకా ఉంటుంది. అందుకే ఇష్టపడ్డాను, అందుకే మానుకోవాల్సి వచ్చింది.

మా పని మనుషులకు మూరెడు దూరంలో జరిగేది. కుచ్చిళ్లు సర్దాలి, పమిటకు పిన్ను పెట్టాలి, జాకెట్టు హుక్కులు పెట్టాలి. ఎదుటివాళ్ల ఊపిరి మన మెడకు తగులుతూనే ఉంటుంది. ఒక ఎండాకాలం, తలుపులు మూసిన క్యారవాన్‌లో నా అత్తరుకు ఒక నటికి తలనొప్పి పట్టుకుంది. పాపం ఆమె ఏమీ అనలేదు. మా మేనేజరే నన్ను పక్కకు పిలిచి, రేపట్నుంచి ఆ సెంటు వద్దమ్మా అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. నా వాసన నాకు తెలియకుండా పోయింది మరి. ఒకే వాసనలో కాసేపుంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. చాల్లేదనుకుని మనం ఇంకో గీత గీస్తాం, పక్కవాళ్లకు ఊపిరాడదు.

ఈ టీ సెంటుకు ఆ బెడద లేదు. ఇలాంటి తేలికరకం సీసాల మీద ‘ఓ ద టాయ్‌లెట్’ అని ఉంటుంది. వీటిలో పరిమళద్రవ్యం సుమారు 5 నుంచి 15 శాతం, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఆల్కహాల్. మన మే నెల ఎండకు నారింజ ఘాటు నిమిషాల్లో ఎగిరిపోతుంది. పీచ్ ఒక గంట. ఆ టీ వగరు మధ్యాహ్నం భోజనాల వేళకు పల్చబడుతుంది. ఎక్కువసేపు ఉండదని కొందరు దీన్ని తీసిపారేస్తారు. రోజూ వాడే సెంటుకు నేను కోరుకునేది అదే. పక్కన పనిచేసే మనిషి కాసింత హాయిగా ఊపిరి తీసుకోవాలి, అంతే. నాలాంటి పనివాళ్లకు ఒక సలహా: పట్టుచీర మీద మాత్రం కొట్టకండి. ఆల్కహాల్‌కు రంగు మరకలు పడొచ్చు, జరీ నల్లబడొచ్చు. చెవి వెనక, మోచేతి మడతలో, లేదంటే నూలు చున్నీ కొసన. అక్కడ చాలు.

ఒకరోజు హెయిర్‌డ్రెసర్ అక్క నా పక్కన కూర్చుని, “ఏం కొట్టుకున్నావే? నీ దగ్గర కూర్చుంటే టీ తాగినట్టుంది” అంది. ఆ మాట పట్టుకుని ఈ వాసన ఎక్కణ్నుంచి వచ్చిందో చదవడం మొదలుపెట్టాను. జాన్-క్లోడ్ ఎలెనా అనే ఫ్రెంచి పరిమళకారుడు పారిస్‌లో మరియాజ్ ఫ్రేర్ అనే పాత టీ దుకాణంలో డబ్బాల మూతలు తీసి వాసనలు చూసుకుంటూ ఉండగా ఆయనకు ఈ ఆలోచన వచ్చిందట. 1990ల తొలినాళ్లలో అది బుల్గారి కంపెనీ పేరుతో గ్రీన్ టీ పరిమళంగా వచ్చింది. అప్పటిదాకా టీ అంటే తాగేదే. 1999లో ఎలిజబెత్ ఆర్డెన్ ‘గ్రీన్ టీ’ వచ్చాక ఈ వాసన మామూలు జీతగాళ్ల చేతికి కూడా అందింది. నా మూడొందల యాభై రూపాయల సీసా ఆ వంశంలోదే.

నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఇంకోటుంది. ఎలెనా కట్టిన ఆ టీ వాసనకు మూలం తేయాకు కాదు, రెండు పరిమళ పదార్థాలు. అందులో ఒకటి అయోనోన్, వయొలెట్ పువ్వు వాసన వేసే పదార్థం. 1893లో జర్మనీలో తయారుచేశారు. రెండోది హెడియోన్, మల్లెజాతి పువ్వుల పల్చని గాలి లాంటిది. 1966లో డియోర్ వాళ్ల ‘ఓ సొవాజ్’తో పేరు తెచ్చుకుంది. ఈ రెంటినీ తగిన పాళ్లలో కలిపితే ముక్కు ‘టీ’ అంటుంది. పండ్ల సంగతీ అంతే. నిమ్మ, నారింజ తొక్కల్ని పిండితే నూనె వస్తుంది గానీ పీచ్ పండును ఎంత పిండినా సెంటుకు పనికొచ్చే నూనె రాదు. ఆ వాసనను కూర్చుకోవలసిందే. 1919లో గెర్లాన్ వాళ్ల ‘మిత్సుకో’లో ఉన్న పీచ్ కూడా అలా కూర్చినదే.

ఇది తెలిసి నాకేమీ మోసపోయినట్టు అనిపించలేదు. మేం ఉండేది ఫిల్మ్‌నగర్ నీడలో. 2003లో వచ్చిన ‘ఒక్కడు’ కోసం ఆర్ట్ డైరెక్టర్ అశోక్ ఊరి శివార్లలో ఏకంగా చార్మినార్‌నే కట్టించారు. 1591 నాటి అసలు చార్మినార్ అదే ఊళ్లో నిలబడి ఉండగానే! సెట్లో గ్రానైట్ స్తంభాన్ని వేలితో కొడితే ప్లైవుడ్డు డప్పులా మోగుతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఆరకముందు గుళ్లోకి వెళ్తే తడిసున్నం వాసన. అయినా ఆ గుడి ముందు చెప్పులు విడిచే లైట్‌మెన్‌ని నేను చూశాను. ఎంత పనితనం ఉంటే ఒక పెద్దమనిషి చేత చెప్పులు విడిపించగలరు! అయోనోన్‌తోనూ హెడియోన్‌తోనూ టీ కట్టినవాళ్లది కూడా ఆ పనితనమే. లేని తేయాకు నాకు మా తెనాలి ఇంటి వంటగదిని చూపించింది, గిన్నెమీద మూతపెట్టి పొంగు దిగేదాకా కాచుకుని ఉండే మా అమ్మతో సహా.

నటీనటుల కొలతలు తీసుకోవడానికి జూబ్లీహిల్స్ ఇళ్లకు వెళ్తుంటాను. లిఫ్టు తలుపు తెరుచుకోగానే, అప్పుడే దిగి వెళ్లిపోయిన ఎవరిదో సెంటు ఎదురొస్తుంది. ఊదు, వెనిల్లా, తోలు కలిసిన బరువైన వాసన. బావుంటుంది కూడా. పదిమందిలో కనబడడమే వృత్తి అయినవాళ్లకు అది సరిపోతుంది. మాది కనబడకుండా చేసే పని.

మా పనిలో ప్రతిదానికీ లెక్కుంటుంది. పెళ్లి సీనుకు నలభైమంది జూనియర్ ఆర్టిస్టులొస్తే నలభై చీరలు, జతల లెక్కన గాజులు, గిల్టు హారాలు, జడగంటలు అన్నీ పుస్తకంలో రాసుకుని ఇస్తాం. కంటిన్యుటీ కోసం ఫొటోలు తీసుకుంటాం, ఏ చేతికి ఎన్ని గాజులో, బొట్టు ఎంత సైజో. ప్యాకప్ అనగానే అన్నీ తిరిగి లెక్కపెట్టి తీసుకుంటాం. పదిగంటలపాటు జమీందారు బంధువులుగా తిరిగిన ఆడవాళ్లు తమ సొంత చీరల్లో, జడలు ముడేసుకుని, బస్సెక్కుతారు. ఆ చీరలు మడతపెట్టేటప్పుడు ఒక్కోసారి నా మనసు బరువెక్కుతుంది. ఎవరి చెమట ఏ చీరకు ఉందో నాకు తెలుసు. వాటిని దండెం మీద ఆరేసి, సాంబ్రాణి పొగ వేసి, ఇంకొకరి కోసం సిద్ధం చేస్తాను.

యాదగిరిగుట్ట వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఈ వీధిలోనే ఉంటున్న ఒక పెద్దమ్మ ఉంది. పెళ్లిళ్లలో, శవాల దగ్గర, కోర్టు బెంచీల మీద వందల సినిమాల్లో కూర్చుంది. డైలాగు ఎప్పుడూ లేదు. మొన్న తెల్లవారుజామున టీకొట్టు దగ్గర నేను సంచిలోంచి సీసా తీసి చెవి వెనక కొట్టుకుంటుంటే, తన గ్లాసు కింద పెట్టి చెయ్యి చాపింది.

మణికట్టు మీద ఒకసారి కొట్టాను. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకుంది.

“గిది షూటింగుల తిరిగియ్యాల్నా బిడ్డా?”

“అక్కర్లేదు పెద్దమ్మా, నీదే.”

“కెమెరాకు తెలుస్తదా?”

“తెలీదు.”

“అయితే గీ చేతికి గూడ కొట్టు” అని రెండో చెయ్యి చాపింది. బస్సు హారన్ కొట్టింది.