ఇగంలో గాంధారి ఖిల్లా

మంచిర్యాలలో చలి రెండు రకాలు. గోదావరి ఒడ్డు చలి తడిది. పొద్దున ఏడు దాటినా నీళ్ల మీద పొగమంచు లేవదు, అవతల పెద్దపల్లి జిల్లా ఉందన్న సంగతి నమ్మకం మీద ఒప్పుకోవాల్సిందే. గుట్టల వైపు చలి పొడిది. పెదవులు పగులుతాయి, మడమలు చీలుతాయి, మోటార్ సైకిల్ మీద పోతుంటే చెవులు ఉన్నాయో లేవో తడిమి చూసుకోవాలి. తెలంగాణకు ఉత్తరపు కొస మాది. డిసెంబరు, జనవరి నెలల్లో మధ్యభారతం మీదుగా వచ్చే పొడిగాలి ముందుగా తాకేది ఆదిలాబాద్, ఆసిఫాబాద్, మంచిర్యాల జిల్లాలనే. ఆకాశంలో మబ్బుండదు కాబట్టి పగలు నేల దాచుకున్న వేడి రాత్రికల్లా పైకి ఎగిరిపోతుంది. ఏటా టీవీలో "రాష్ట్రంలోనే కనిష్ఠ ఉష్ణోగ్రత" అని సిర్పూర్(యు), తిర్యాణి పేర్లు వినిపిస్తే మావాళ్లకు అదో రకం గర్వం. హైదరాబాద్ బంధువులకు ఫోన్ చేసి మరీ చెప్తారు.

ఈసారి కొత్త సంవత్సరం పొద్దు గాంధారి ఖిల్లా మీద గడుపుదామన్నది మా అల్లుడి ఆలోచన. వాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. డిసెంబరు 31 రాత్రి కేకులు, పాటలు అయ్యేసరికి ఒంటిగంట. అయినా ఆరింటికే లేచి బూట్లు కట్టుకున్నాడు. మాతో మా కాక కూడా బయల్దేరాడు. సింగరేణి బొగ్గు కంపెనీలో ముప్ఫై ఏళ్లకు పైగా అండర్‌గ్రౌండ్ బాయిల్లో చేసి దిగిపోయినవాడు. మఫ్లర్ చెవుల మీదుగా చుట్టి, చేతిలో కర్ర, భుజానికి సంచి. సంచిలో కాక భార్య పొద్దున్నే చేసిన సర్వప్ప, ఫ్లాస్కులో చాయ్.

"గింత ఇగంల గుట్టెక్కుడేందిరా బిడ్డా? నేను పులి వస్తే కొట్టెటందుకు వస్తున్న" అన్నాడు కాక.

పులి మాట ఉత్త పరాచికం కాదు. మా వైపు కవ్వాల్ అడవిని పులుల అభయారణ్యంగా 2012లో ప్రకటించారు. మహారాష్ట్రలోని తాడోబా నుంచి ఈ అడవులకు పులులు రాకపోకలు సాగిస్తాయి, చలికాలంలో ఆ తిరుగుడు ఎక్కువ. చెన్నూరు, కోటపల్లి వైపు పత్తి ఏరే కూలీలు గుంపుగా తప్ప చేనుకు పోని రోజులు ఉంటాయి. అందుకే చీకట్లో కాకుండా, పొద్దు పొడిచి ఎండ చెట్ల నడుమకు దిగాకే అడవిలో కాలు పెట్టాలని ముందే అనుకున్నాం.

మంచిర్యాల నుంచి మందమర్రి పోయే తోవలో బొక్కలగుట్ట, ఖిల్లాకు దారి అక్కడి నుంచే. 2016 అక్టోబరు 11న మంచిర్యాల జిల్లా అయ్యేదాకా ఇదంతా ఆదిలాబాద్ కిందనే. రోడ్డు పక్కన గాంధారి వనం దగ్గర అప్పటికే కుర్రాళ్ల బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఊరు దాటితే పత్తిచేలు. ఆఖరి ఏరుడుకు మిగిలిన దూది మంచుకు తడిసి కిందికి వేలాడుతోంది. తర్వాత టేకు చెట్లు మొదలవుతాయి. జనవరికల్లా టేకాకు సగం రాలిపోయి ఉంటుంది. విస్తరంత ఆకు, మంచు ఆరకముందు కాలికింద మెత్తగా అణుగుతుంది, ఆరాక ఫెళఫెళమంటుంది. పొదల్లో పరికిపండ్లు నల్లగా మెరుస్తుంటే కాక ముళ్లకు అందకుండా ఒడుపుగా తెంపి అల్లుడి చేతిలో పోశాడు. వాడు ఫోటో తీసుకున్నాక తిన్నాడు.

వాడి ఫోన్ ఆగకుండా మోగుతూనే ఉంది. ప్రతి మోతకూ ఒక "హ్యాపీ న్యూ ఇయర్". నాకూ వచ్చాయి. పెళ్లిలో ఒకసారి కలిసినవాళ్లు, ప్లాట్లు అమ్మేవాళ్లు, బంగారం దుకాణాలవాళ్లు, అందరూ నేను సంతోషంగా ఉండాలని కోరారు. ఇంతమంది ఒకే పొద్దున ఒకే మాట కోరితే అది దీవెనలా కాకుండా వసూలులా వినిపిస్తుంది. సంతోషంగా ఉన్నావా లేదా, లెక్క చెప్పు అన్నట్టు.

లెక్కలు తీసేవాళ్లూ ఉన్నారు. ఐక్యరాజ్యసమితి 2012లో మార్చి 20ని అంతర్జాతీయ సంతోష దినంగా ప్రకటించింది. ఆ వేళకు ఏటా ప్రపంచ సంతోష నివేదిక వస్తుంది. అందులో 2018 నుంచి 2025 దాకా వరసగా మొదటి స్థానం ఫిన్లాండ్‌ది. 2025లో మనది 118. అల్లుడు ఇది చెప్పగానే కాక, "ఆ దేశంల చలెంత?" అని అడిగాడు. సున్నా కింద ఇరవై కూడా ఉంటుందన్నాడు వాడు. "అయితే చలికీ సుఖానికీ పొత్తున్నట్టే" అని తేల్చేశాడు కాక. నిజానికి ఆ ర్యాంకు కొలిచేది నవ్వులను కాదు. మీ బతుకుకు సున్నా నుంచి పది దాకా ఎన్ని మార్కులేస్తారని మనుషులను అడుగుతారు. ఆపద వేళ ఆదుకునే మనిషి ఉన్నాడా, సర్కారు మీద నమ్మకం ఉందా అన్నవి కూడా చూస్తారు. ఆ చలిదేశాలు గెలిచేది అక్కడ.

గుట్ట ఎక్కుడు మొదలైన కాసేపటికి అల్లుడు జాకెట్ విప్పాడు. విప్పాల్సిందే. నడిచేటప్పుడు కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతు కూడా పనికి మారదు, తక్కినదంతా వేడి అవుతుంది. చలిలో ఎక్కేవాడు చేసే పొరపాటు కింద తొడుక్కున్నదంతా పైదాకా మోయడం. లోపల చెమట పడుతుంది, పైన ఆగగానే ఆ తడి బట్ట ఒంటికి అంటుకుని అసలు చలి అప్పుడు మొదలవుతుంది. ఎక్కే ముందు స్వెటర్ తీసి సంచిలో పెట్టుకోవాలి, ఆగగానే వేసుకోవాలి. కాకకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"బాయిల గిదే లెక్క" అన్నాడు ఒక బండ మీద కూర్చుంటూ. "చలికాలం దిగేటప్పుడు గాలి లోపలికి వచ్చే తోవల పండ్లు కటకట కొట్టుకుంటయ్. పనిజాగకు పోయినంక బనీను కూడా బరువే. గాలి వాపసు పోయే తోవల నిలవడితే ఉడికిపోతం."

భూమి లోతుకు పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. పెద్ద ఫ్యాను పైనుంచి లాగే చలిగాలి ఒక దారిన దిగి, పనిస్థలాలన్నీ తిరిగి, వేడినీ తేమనూ మోసుకుని ఇంకో దారిన బయటపడుతుంది. ఒకే బాయిలో ఒకే పూట రెండు కాలాలన్నమాట. కాక ఎక్కువగా చేసింది రాత్రి పదకొండు గంటల షిఫ్టు. పొద్దున ఏడింటికి పైకి వచ్చి టోపీ లైటు అప్పజెప్పి, బొగ్గు మొహంతో బయట చలిలో నిలబడి ఒక బీడీ.

"అప్పుడు మీద చెమట, ఎదురంగ ఎండ. ఇంటికి పోవాలె అన్న సోయి కూడ ఉండకపోవు" అన్నాడు.

"అది హ్యాపీనెస్సే తాతా" అన్నాడు అల్లుడు.

"ఏమో. మేం దానికేం పేరు పెట్టలే. సచ్చిపోకుండ పైకొచ్చినం, గంతే."

సింగరేణి పుట్టినరోజు డిసెంబరు 23. 1920లో అదే తేదీన ఈ కంపెనీ సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్‌గా ఏర్పడింది. మా బొగ్గు ఊళ్లలో కొత్త సంవత్సరం హడావిడి ఆ రోజు నుంచే మొదలవుతుంది. జెండా ఎగరేస్తారు, స్టాళ్లు పెడతారు, పిల్లలు స్టేజి ఎక్కుతారు. కాక ఇప్పటికీ ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేస్తాడు. జనవరి ఒకటి మాత్రం ఆయనకు కొత్త క్యాలెండర్ మేకుకు తగిలించే రోజు.

ఖిల్లా అసలు రూపం పైకి పోయాక తెలుస్తుంది. రాజులు కట్టిన కోట అనేకంటే బండను తొలిచిన కోట అనాలి. రాతిలోనే చెక్కిన కాలభైరవుడు, ఆంజనేయుడు, వినాయకుడు. చేతితో తడిమితే ఉలి గాట్లు ఇంకా తెలుస్తాయి. మైసమ్మ దగ్గర ఎవరో పొద్దున్నే పసుపు చల్లి పోయారు. ఇంకా పైకి పోతే బండలో తొలిచిన సవతుల బావి. "ఒక్కింట్ల ఇద్దరుంటే నీళ్లకాడ లొల్లి తప్పదు, రాజుకైనా" అని కాక వ్యాఖ్యానం. వంగి చేయి పెడితే నీళ్లు గోరువెచ్చగా తగిలాయి. వెచ్చగా ఉన్నవి నీళ్లు కావు, నా చేయి అంత చల్లబడి ఉంది. రాయి, నీరు రాత్రంతా వేడిని మెల్లగా వదులుతాయి. గాలి అట్లా కాదు, చీకటి పడగానే చల్లబడుతుంది. పైగా చలిగాలి బరువు కాబట్టి గుట్ట జారి లోయలో నిలుస్తుంది. తెల్లారి వేళ కింద బొక్కలగుట్టలో కంటే ఈ పైన నయం అనిపించింది అందుకే.

పైనుంచి ఒకవైపు టేకడవి. ఇంకోవైపు రామకృష్ణాపూర్ దిక్కున ఓపెన్‌కాస్టు మట్టిగుట్టలు. పాతికకోట్ల ఏళ్ల కిందటి అడవి బొగ్గయితే, దాన్ని తియ్యడానికి మీద ఉన్న మట్టినంతా తెచ్చి కొత్త గుట్టలు పోశారు. దూరం నుంచి ఏది దేవుడి గుట్టో ఏది కంపెనీ గుట్టో గుర్తుపట్టడానికి క్షణం పట్టింది. నాకు ఆ దృశ్యం అందంగా అనిపించలేదు, అసహ్యంగానూ అనిపించలేదు. ఆ బొగ్గు జీతంతోనే మా ఇంటివాళ్లంతా చదువుకున్నాం.

అక్కడే ఒక కుర్రాళ్ల గుంపు కేకు కోస్తోంది. బ్లూటూత్ స్పీకర్‌లో డీజే పాట. ఇట్లాంటివాళ్లను చూసి మొహం చిట్లించడం నా వయసువాళ్లకు రివాజు. కానీ వాళ్లు మమ్మల్ని పిలిచి కాగితం పళ్లేల్లో కేకు పెట్టారు, కాక సర్వప్ప తుంపి అందరికీ పంచాడు. కేకు కంటే సర్వప్పే ముందు అయిపోయింది. పల్లీలు, నువ్వులు, ఉల్లాకు పడ్డ బియ్యప్పిండి అప్ప, అంచుల్లో కరకర, నడుమ మెత్తన. పోయేటప్పుడు వాళ్లే కాగితాలు ఏరి సంచిలో వేసుకున్నారు.

ఈ గుట్ట అసలైన సందడి జనవరి ఒకటిది కాదు. మాఘమాసంలో నాయకపోడు ఆదివాసులు మైసమ్మ జాతర చేస్తారు. ముందు తమ దేవుడు భీమన్నను గోదావరికి తీసుకుపోయి స్నానం చేయించి, డోలు చప్పుళ్లతో ఖిల్లాకు తెస్తారు. వాళ్ల ఏడాదికి కొత్తదనం అప్పుడు.

అల్లుడి సెలవులు ఇంకా ఉన్నాయని ఆ వారంలోనే జన్నారం వైపు పోయాం. కలమడుగు దగ్గర గోదావరిలో హస్తినమడుగు అనే చోటుంది. పుష్యమాసంలో నాగోబా పూజ కోసం మెస్రం వంశం గోండులు కేస్లాపూర్ నుంచి చెప్పుల్లేకుండా నడిచి ఇక్కడికి వస్తారు. ఝరి అనే పాత్రలో గోదావరి జలం నింపుకుని మళ్లీ నడిచే పోతారు. రోజుల తరబడి, అడవి దారుల్లో, ఈ చలిలోనే. దారిలో ఊళ్లవాళ్లు అన్నం పెట్టి, పడుకోవడానికి చోటిస్తారు. తెల్ల ధోవతులు, తెల్ల తలపాగలు, వరసగా ఒకరి వెనక ఒకరు. రోడ్డు పక్కన వాళ్లు ఆగినచోట మేం కూడా మంట కాగుతూ కూర్చున్నాం. అల్లుడి కళ్లు ఒక పెద్దాయన పాదాల మీదే ఉన్నాయి. మడమ పగుళ్లలో ఎర్రమట్టి గట్టిపడి ఉంది.

"చలి పెడ్తలేదా తాతా?" అని అడిగాడు.

"పెడ్తది. పొద్దుగాల పెడ్తది, నడిస్తె పోతది" అన్నాడాయన, కట్టె ముందుకు తోస్తూ.

ఇంకేమీ చెప్పలేదు. అల్లుడు ఇంకొకటి అడగబోయి ఆగిపోయాడు. గాంధారి ఎక్కేటప్పుడు వాడి చేతి గడియారం అడుగులు లెక్కపెట్టింది, గుండె కొట్టుకోవడం లెక్కపెట్టింది, ఎన్ని కేలరీలో చెప్పింది. ఇక్కడ లెక్క ఒక్కటే, అమావాస్యకు నీళ్లు చేరాలి. సంతోషం కోసం నడిచేవాడికి ప్రతి మలుపులోనూ అది దొరికిందా లేదా అన్న అనుమానం ఉంటుంది. పని మీద నడిచేవాడికి ఆ బాధ లేదు. నేనైతే కాక బీడీనీ, ఈ పెద్దాయన నడకనూ ఒకే వరసలో పెడతాను. మా ఖిల్లా ఎక్కుడు కూడా మంచిదే, అయితే దానిది రెండో వరస.

ఈ నడకను సెలవు సరదాగా చూసి మురిసిపోతే సగమే చూసినట్టు. 1940లో నిజాంపై తిరగబడ్డ గోండు నాయకుడు కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక, నిజాం ప్రభుత్వం పంపిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఈ ప్రాంతమంతా తిరిగాడు. ఆదివాసుల మొర అధికారులు నేరుగా వినాలని ఆయన చొరవతో 1942లో నాగోబా జాతరలో దర్బారు మొదలైంది. ఇప్పటికీ జరుగుతోంది. పోడు పట్టాలు, రోడ్లు, బడి, ఆసుపత్రి, ఏటా అవే అర్జీలు. చలిలో నడిచి వచ్చిన మనిషి అక్కడ కాగితం పట్టుకుని వరసలో నిలబడతాడు.

నాగోబా జాతర చూడాలనుకుంటే పుష్య అమావాస్యకు పోండి. మంచిర్యాల నుంచి లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూరు, ఇంద్రవెల్లి మీదుగా ముత్నూరు దాకా పోయి అక్కడ పక్కకు తిరిగితే కేస్లాపూర్. మహాపూజ రాత్రిపూట జరుగుతుంది కాబట్టి మంచి రగ్గు తప్పనిసరి. మెస్రం వంశపు కొత్త కోడళ్లను నాగోబాకు పరిచయం చేసే భేటింగ్ వాళ్ల ఇంటి వేడుక, అక్కడ ఫోన్ జేబులోనే ఉంచండి. దర్బారు రోజు దాకా ఆగి, ఒక పూట కూర్చుని ఆ అర్జీలు వినండి.