చివరి వరుసలోని ఉడుత

మా వాడి లెక్కల నోటుపుస్తకం చివరి పేజీలో ఏ, బీ, సీ, డీ అని గీతలు గీసి, కింద పేర్లు రాసి ఉన్నాయి. క్లాసు ర్యాంకులేమో అనుకున్నాను.

"కాదు నాన్నా, పోకెమాన్‌లు. పోటీలో ఏది ఎంత పనికొస్తుందో లిస్టు."

మార్కులు తగ్గాయని ముందురోజే వాణ్ణి పక్కింటి అబ్బాయితో పోల్చి తిట్టాను. డీ వరుసలో పచిరిసు అనే ఉడుత కనిపించింది.

"ఇది దేనికీ పనికిరాదా?"

"ఒంటరిగా బలం తక్కువే. కానీ 2014 ప్రపంచ పోటీల్లో కొరియా ఆటగాడు సెజున్ పార్క్ దీన్ని జట్టులో పెట్టుకునే గెలిచాడు. పక్కవాడి మీదికొచ్చే దెబ్బల్ని తన మీదికి తిప్పుకుంటుంది. గ్యారడోస్‌కి కరెంటంటే గండం. దీనికి కరెంటు తగిలితే ఓపిక పెరుగుతుంది."

"మరి చివర్లో ఎందుకు పెట్టావు?"

"మామూలుగా ఎక్కడుంటుందో లిస్టు చెబుతుంది. ఎవరి పక్కన నిలబెట్టాలో మనమే చూసుకోవాలి."

ఆ రాత్రి ప్రోగ్రెస్ రిపోర్టు మళ్లీ తీశాను. ఈసారి ర్యాంకు దగ్గర ఆగలేదు. సైన్సు బాగుంది, తెలుగు బాగుంది, లెక్కల్లోనే జారాడు.

"రేపటినుంచి లెక్కలు చేసేటప్పుడు నేను నీ పక్కన కూర్చుంటాను" అన్నాను.

వాడు నవ్వి, "నువ్వు ఏ వరుస నాన్నా?" అన్నాడు.

– 7వ తరగతి విద్యార్థి తండ్రి